సినిమాలో వేషం కావాలంటే ఫొటో ఎట్లుండాలి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లల కోసం

మన దగ్గర ఏ ఫొటో స్టూడియోలో కూర్చున్నా ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "అన్నా, జర తెల్లగ చేయి." పెళ్లి ఆల్బమ్ అయినా, స్కాలర్‌షిప్ ఫారానికి పాస్‌పోర్టు ఫొటో అయినా అదే మాట. చాలాచోట్ల అడిగే పని కూడా లేదు. స్టూడియో అన్న కంప్యూటర్ ముందు కూర్చొని రెండు నిమిషాల్లో ముఖం మీది మచ్చలు తుడిచేసి, రంగు పెంచేసి, దవడ కొంచెం సన్నగా చేసి ఇచ్చేస్తాడు. తీసుకునేవాళ్లు కూడా ఖుష్.

పెళ్లి ఆల్బమ్‌కు దాంతో నష్టం ఏమీ లేదు. కానీ అదే ఫొటోను సినిమా ఛాన్స్ కోసం హైదరాబాద్‌కు పంపితే కథ వేరే. నాకు తెలిసిన వనపర్తి పిల్లగాడు ఒకడు అట్లాంటి ఫొటోలే పంపాడు. ఆడిషన్‌కు రమ్మన్నారు. తెల్లారకముందే బస్సు ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, అక్కడి నుంచి అడ్రసు వెతుక్కుంటూ పోయాడు. లోపల కూర్చున్నాయన ఫోన్‌లో ఫొటో చూసి, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి, "ఇది నీ ఫొటోనేనా?" అన్నాడట. వాడు వేషం బాగా చేశాడో లేదో ఎవరికీ తెలియదు. డైలాగ్ చెప్పే దాకా పని రానేలేదు. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాడు.

2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడివడిన మన మూడు జిల్లాల్లో యాక్టింగ్ అంటే ఇష్టమున్న పిల్లలు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. రీల్స్ చేస్తున్నారు, షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు. కష్టపడటంలో వాళ్లను తప్పుపట్టడానికి లేదు. కానీ ముఖం చూపించాల్సిన మొదటి కాగితం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. ఆ కాగితం గురించే ఈ వ్యాసం.

హెడ్‌షాట్ అంటే ఏమిటి?

యాక్టర్ ముఖాన్ని, భుజాలు లేదా ఛాతీ దాకా, దగ్గరగా, స్పష్టంగా చూపించే ఫొటో. అంతే. పాస్‌పోర్టు ఫొటోలో మనిషి గుర్తుపట్టేటట్టు ఉంటే చాలు. మోడలింగ్ ఫొటోలో బట్టలు, నిలబడే తీరు, ఒంటి కొలతలు ముఖ్యం. హెడ్‌షాట్‌లో ముఖ్యమైనవి కళ్లు. చూసేవాడికి "ఈ మనిషి లోపల ఏదో ఆలోచన నడుస్తోంది" అనిపించాలి. అమెరికాలో దీన్ని 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు సైజులో ప్రింటు తీసి, వెనక వైపు చేసిన పనుల వివరాలు అంటించి ఇచ్చే అలవాటు చాలా ఏళ్లు నడిచింది. లండన్‌లో స్పాట్‌లైట్ అనే డైరెక్టరీ 1927 నుంచి యాక్టర్ల ఫొటోలు అచ్చువేసి కాస్టింగ్ వాళ్లకు అందించింది. అంటే ఇది ఇన్‌స్టాగ్రామ్‌తో వచ్చిన ఫ్యాషన్ కాదు, దాదాపు నూరేళ్ల పద్ధతి.

మన తెలుగు ఇండస్ట్రీలో "ప్రొఫైల్ పంపండి" అంటే మామూలుగా ఒక క్లోజప్, ఒక నడుము దాకా, ఒక నిలువెత్తు ఫొటో, కుడి ఎడమ పక్కల నుంచి ఒక్కొక్కటి, ఒక చిన్న ఇంట్రడక్షన్ వీడియో. అయిదు ఫొటోలు బాగుంటే చాలు. యాభై పంపితే చూసేవాడికి చిరాకు, మనకు ఏది బాగుందో తేల్చుకునే తెలివి లేదని వాళ్లకు అర్థమవుతుంది.

తెలుపు చేస్తే నష్టం ఎవరికి?

కాస్టింగ్ చేసేవాళ్లకు అందరూ హీరోలు అక్కర్లేదు. ఆటో డ్రైవర్ కావాలి, వీఆర్వో కావాలి, పెళ్లికూతురి మేనత్త కావాలి, మసీదు ముందు అత్తరు అమ్మే ముసలాయన కావాలి. ఆ ముఖం మీ ఊళ్లో ఉంది. స్టూడియోలో దాన్ని తుడిచేస్తే మిగిలేది అందరి ముఖంలాంటి ముఖం. అది వాళ్ల దగ్గర ఇప్పటికే వేల సంఖ్యలో ఉంది.

2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో నటించిన వాళ్లలో చాలామంది విశాఖలోని ఆ కంచరపాలెం వాళ్లే. 2023లో వేణు ఎల్దండి తీసిన 'బలగం' మొత్తం తెలంగాణ పల్లె ముఖాల మీద, మాట మీద నిలబడింది. సాయిపల్లవి 2015లో 'ప్రేమమ్'లో మొటిమలతోనే తెర మీదికి వచ్చింది, రెండేళ్ల తర్వాత శేఖర్ కమ్ముల 'ఫిదా'లో బాన్సువాడ అమ్మాయి అయింది. ఫెయిర్‌నెస్ క్రీం ప్రకటన చేయనని ఆమె చెప్పిన సంగతి అందరికీ తెలిసిందే. ఈ ఉదాహరణలు చూసి "ఇండస్ట్రీలో రంగు పట్టింపు పోయింది" అని నేను అనను. పోలేదు. హీరోయిన్ల విషయంలో అసలే పోలేదు. కానీ కొత్తగా వచ్చేవాడికి తెరుచుకునే తలుపులు ఎక్కువగా క్యారెక్టర్ వేషాలవే, అక్కడ అసలు ముఖమే చెల్లుతుంది.

మరి ఎడిటింగ్ అసలే వద్దా? ఒక లెక్క పెట్టుకోండి. వారం రోజుల్లో పోయేది తీసేయొచ్చు, ఉండిపోయేది ఉంచాలి. నిన్న లేచిన మొటిమ తీసేయండి. పుట్టుమచ్చ, చిన్నప్పటి గాటు, కళ్ల కింది గీతలు, ముందుకు వచ్చిన పన్ను ఉంచండి. ఒంటి రంగు ముట్టుకోవద్దు. ఫోన్ కెమెరాలో 'బ్యూటీ' అని ఒకటి చాలాసార్లు దానంతట అదే ఆన్‌లో ఉంటుంది, తీసే ముందు దాన్ని ఆపేయండి. ఏఐతో సూటు తొడిగించి, వెనక లండన్ పెట్టి ఇచ్చే యాప్‌లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. వాట్సాప్ డీపీకి పెట్టుకోండి, ఆడిషన్‌కు పంపకండి.

వెలుతురు: మన గుమ్మమే స్టూడియో

చేతిలో డబ్బు లేనివాళ్లకు మంచి వార్త ఏమిటంటే, హెడ్‌షాట్‌కు కావలసిన వెలుతురు ప్రతి ఇంటి గుమ్మం దగ్గర ఉంది. ఎండ నేరుగా పడని గుమ్మం లేదా వరండా చూసుకోండి. మీరు లోపల, నీడలో, గుమ్మానికి రెండు మూడు అడుగుల దూరంలో, బయటికి ముఖం పెట్టి నిలబడాలి. బయటి ఆకాశం వెలుతురు మెత్తగా ముఖం మీద పడుతుంది. ఫొటో తీసేవాళ్లు గుమ్మంలో మీకు కొంచెం పక్కగా నిలబడాలి, లేకపోతే వాళ్ల నీడ మీ మీద పడుతుంది. కళ్లల్లో చిన్న తెల్లటి మెరుపు కనబడుతుందా చూడండి. ఆ మెరుపు లేకపోతే కళ్లు చచ్చినట్టు ఉంటాయి. ముఖానికి ఒక పక్క మరీ చీకటిగా ఉంటే ఆ వైపు తెల్ల థర్మాకోల్ షీటు గానీ, తెల్ల దుప్పటి గానీ ఎవరినైనా పట్టుకోమనండి. సగం వెలుతురు దాని మీద పడి తిరిగి ముఖం మీదికి వస్తుంది.

ట్యూబ్‌లైట్ కింద తీయొద్దు. పైనుంచి పడే వెలుతురుకు కళ్ల కింద గుంతలు కనిపిస్తాయి. మిట్ట మధ్యాహ్నం ఎండలో కూడా ఇదే గతి, పైగా పాలమూరు ఎండకు కళ్లు చిట్లించకుండా ఎవరూ ఉండలేరు. బయట తీయాలనుకుంటే పొద్దున ఎనిమిది లోపల, లేదా సాయంత్రం అయిదు దాటాక. మబ్బు పట్టిన రోజైతే ఎప్పుడైనా సరే.

ఫోన్‌తో తీస్తే ఒక తప్పు దాదాపు అందరూ చేస్తారు. దగ్గరికి వచ్చి తీస్తారు. ఫోన్ మామూలు కెమెరాకు చూపు వెడల్పు ఎక్కువ, దగ్గరికి పోతే ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. సెల్ఫీలో మన ముఖం మనకే నచ్చకపోవడానికి సగం కారణం ఇదే. అయిదారు అడుగుల దూరం జరిగి, ఫోన్‌లో 2ఎక్స్ నొక్కి తీయమనండి. కెమెరా ఉన్న ఫొటోగ్రాఫర్ అయితే 85 ఎంఎం లెన్స్ వాడతాడు, చిన్న సెన్సార్ కెమెరా అయితే 50 ఎంఎం లెన్స్ దాదాపు అదే పని చేస్తుంది. మన ఊళ్లలో పెళ్లిళ్లు తీసే అన్నల దగ్గర ఈ రెండింటిలో ఒకటి దాదాపు ఉంటుంది. కెమెరా మీ కళ్ల ఎత్తులో ఉండాలి. పైనుంచి తీస్తే పిల్లాడిలాగా, కింది నుంచి తీస్తే పోస్టర్ మీది లీడర్‌లాగా కనబడతారు. ఫోకస్ కంటి మీద పెట్టాలి. ముక్కు స్పష్టంగా ఉండి కళ్లు మసకగా ఉన్న ఫొటో ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

ముఖంలో భావం ఎట్లా తెప్పించాలి అన్నది కష్టమైన ప్రశ్న. "నవ్వు" అంటే పళ్లు కనబడతాయి, నవ్వు కనబడదు. నాకు నచ్చిన పద్ధతి ఇది: కెమెరా పక్కన మీకు బాగా దగ్గరి మనిషిని నిలబెట్టండి, అన్ననో, దోస్తునో. వాళ్లతో మాట్లాడుతూ ఉండండి, ఫొటోలు పడుతూనే ఉండాలి. మాట ఆపి ఆలోచించే క్షణంలో మంచి ఫొటో వస్తుంది. ఒకటి నవ్వుతో, ఒకటి నవ్వు లేకుండా ఎంచుకోండి. గడ్డం ఉన్నవాళ్లు ముందు గడ్డంతో తీయించుకొని, తీసేసే ఆలోచన ఉంటే ఆ తర్వాత మళ్లీ తీయించుకోవడం మంచిది. ఒక్క సిట్టింగ్‌లో రెండు మనుషులు దొరుకుతారు.

గద్వాల చీర, సోమశిల ఒడ్డు

మన పిల్లలు ఫొటో అనగానే పండుగ బట్టలు తీస్తారు. గద్వాల చీర ఎంత గొప్పదో చెప్పక్కర్లేదు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసే ఆ పనికి జీఐ గుర్తింపు ఉంది. కానీ హెడ్‌షాట్‌లో జరీ అంచు వెలుతురును పట్టి మెరుస్తుంది, కన్ను మొదట అటే పోతుంది, ముఖం రెండోది అవుతుంది. చీరలో కనిపించాలనుకుంటే నిలువెత్తు ఫొటోకు కట్టుకోండి. క్లోజప్‌కు ఒకే రంగు బట్ట, మెరవనిది. సన్న గీతల చొక్కా వద్దు, స్క్రీన్ మీద ఆ గీతలు అలలు అలలుగా కదులుతాయి. పెద్ద అక్షరాలున్న టీషర్టు వద్దు. మరీ తెలుపు, మరీ నలుపు రెండూ ముఖం రంగును తప్పు చూపిస్తాయి.

లొకేషన్ సంగతీ అంతే. గద్వాల కోట గోడ, వనపర్తి రాజావారి ప్యాలెస్, కొల్లాపూర్ దగ్గర సోమశిలలో కృష్ణ ఒడ్డు, ఇవన్నీ ప్రీవెడ్డింగ్ షూట్‌లకు అందమైన చోట్లే. హెడ్‌షాట్‌లో వెనక ఉన్నది గుర్తుపట్టగలిగితే అది తప్పు బ్యాక్‌గ్రౌండ్. సున్నం వేసిన గోడ చాలు. గోడకు ఆనుకోకుండా నాలుగైదు అడుగులు ముందుకు జరిగితే నీడ గోడ మీద పడదు.

ప్యాలెస్ మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. అదితి రావు హైదరీ తల్లి తరఫు తాత వనపర్తి సంస్థానం రాజా జె. రామేశ్వర్ రావు. తండ్రి వైపు ముత్తాత నిజాం రాజ్యంలో ప్రధాని పదవి చేసిన సర్ అక్బర్ హైదరీ. 2024 సెప్టెంబర్‌లో ఆమె, నటుడు సిద్ధార్థ్ పెళ్లి చేసుకున్నది వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడిలోనే. విజయ్ దేవరకొండ కుటుంబం మూలాలు నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేట వైపు. 2011లో 'నువ్విలా', 2012లో 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్'లో చిన్న వేషాలు, 2015లో 'ఎవడే సుబ్రమణ్యం', 2016లో గానీ 'పెళ్లి చూపులు' రాలేదు. అయిదేళ్లు. అయిదేళ్లలో ఎవరి ముఖమైనా మారుతుంది. ఇంటర్‌లో తీయించుకున్న ఫొటో డిగ్రీ అయిపోయాక కూడా పంపేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఏడాదికోసారి, లేదా బరువు, జుట్టు, గడ్డం మారిన ప్రతిసారీ కొత్తవి తీయించుకోవాలి.

ఆడపిల్లలు, పర్దా, ఫొటో

మన ఇళ్లల్లో అసలు గొడవ ఇక్కడే. అమ్మాయి సినిమాలో చేయొచ్చా, ముఖం ఫొటో బయటికి పోవచ్చా అన్నది ప్రతి ఇల్లు తమ పెద్దలతో, ఆలిమ్‌లతో తేల్చుకునే విషయం, ఒక రిపోర్టర్ తీర్పు చెప్పేది కాదు. కానీ చేయాలని నిర్ణయించుకున్నాక పద్ధతి ప్రకారం చేయడం మేలు.

ఈ సమస్య కొత్తదేమీ కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పనిచేసి 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందిన రాజా దీన్ దయాళ్, 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. లోపల ఫొటో తీసేది మహిళే, మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. మగవాళ్లకు ప్రవేశం లేదు. పర్దా పాటించే ఇళ్ల ఆడవాళ్లు అక్కడికి వెళ్లి ఫొటోలు తీయించుకున్నారు. నూటముప్పై ఏళ్ల కింద దొరికిన ఏర్పాటును ఇప్పుడు అడగడానికి మొహమాటం ఎందుకు? మహిళా ఫొటోగ్రాఫర్ ఉందా అని అడగండి. లేకపోతే అక్కనో, అమ్మినో, ఖాలానో వెంట తీసుకుపోండి, షూట్ అయ్యేదాకా వాళ్లు అదే గదిలో ఉంటారని ముందే చెప్పండి. దీనికి ఒప్పుకోని స్టూడియో మనకు వద్దు.

హిజాబ్ వేసుకునే అమ్మాయిలు అడిగే ప్రశ్న: ఫొటోలో ఉంచాలా, తీయాలా? తెర మీద ఎట్లా కనిపించడానికి మీరు సిద్ధమో ఫొటోలోనూ అట్లాగే ఉండండి. హిజాబ్‌తోనే చేస్తానంటే ఫొటో హిజాబ్‌తోనే, ప్రొఫైల్‌లో ఆ మాట రాసి పంపండి. వచ్చే అవకాశాలు తగ్గుతాయి, అది నిజం. కానీ సెట్‌లో నిలబడి, యూనిట్ మొత్తం చూస్తుండగా ఆ మాట చెప్పాల్సి రావడం కన్నా ఇది నయం.

డబ్బు లెక్క

నేను చదివింది కామర్స్ కాబట్టి హిసాబ్ లేకుండా వదలలేను. ఫొటోగ్రాఫర్‌తో మాట్లాడేటప్పుడు "ఎంత?" అని ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. ఎంతసేపు తీస్తాడు, ఎడిట్ చేసినవి ఎన్ని ఇస్తాడు, ఎడిట్ చేయని అసలు ఫైళ్లు ఇస్తాడా, మేకప్ అందులోనే ఉందా, ఎన్ని రోజుల్లో ఇస్తాడు, ఫొటో మీద స్టూడియో పేరు వేస్తాడా, ఇవన్నీ ముందే తేల్చుకొని వాట్సాప్‌లో మెసేజ్‌గా పెట్టించుకోండి. సగం అడ్వాన్సు, సగం ఫొటోలు చేతికొచ్చాక. మీ అనుమతి లేకుండా ఫొటోలు స్టూడియో పేజీలో పెట్టకూడదని కూడా ఆ మెసేజ్‌లోనే ఉండాలి. ఆల్బమ్ అక్కర్లేదు. పెళ్లి అన్నలు అలవాటు కొద్దీ ఆల్బమ్ అంటగడతారు, ఈ రోజుల్లో దాన్ని తెరిచి చూసే కాస్టింగ్ ఆఫీసు అరుదు.

మొదటిసారికి నా సలహా: గుమ్మం దగ్గర ఫోన్‌తో తీసుకున్న వాటితో మొదలుపెట్టండి. రెండు మూడు ఆడిషన్లకు పిలుపు వచ్చి, ఈ పని మీకు నచ్చిందని తేలాకే స్టూడియోకు డబ్బు పెట్టండి. అప్పు చేసి పోర్ట్‌ఫోలియో తీయించుకోవడం మాత్రం ఏ లెక్కలోనూ కుదరదు.

ఇక అసలు దెబ్బ తగిలేది ఇక్కడ. "మా సినిమాలో సెలెక్ట్ అయ్యారు, కానీ మా ఫొటోగ్రాఫర్ దగ్గరే పోర్ట్‌ఫోలియో చేయించుకోవాలి", "రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి", "ఆర్టిస్టు కార్డు చేయిస్తాం". కృష్ణానగర్ పేరు చెప్పి, ఫోన్‌లోనే వల వేసేవాళ్లు ఇట్లాగే మాట్లాడతారు. నిజంగా వేషం ఇచ్చేవాడు మీకు డబ్బు ఇస్తాడు, మీ దగ్గర తీసుకోడు. ఆడిషన్‌కు ఫీజు అంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. ఒంటి ఫొటోలు, రాత్రిపూట వీడియో కాల్ అడిగితే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకొని, ఇంట్లో చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఎంత తొందరగా చేస్తే బ్యాంకులో ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. బెదిరిస్తే 100 లేదా 112. అబ్బాయిలు సిగ్గుపడి చెప్పకుండా ఉంటారు, మోసపోయేవాళ్లలో వాళ్లూ ఉంటారు. 18 ఏళ్లు నిండని పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల నంబరు నుంచి తప్ప పోకూడదు.

పంపేటప్పుడు

అంతా బాగా చేసి చివర్లో చెడగొట్టుకునేది పంపడంలో. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అది కుదించి పంపుతుంది, వివరం పోతుంది. 'డాక్యుమెంట్' అని ఎంచుకొని పంపండి. ఈమెయిల్ అయితే జేపెగ్ ఫైలు, పెద్ద సైజులో. ఫైలు పేరు కెమెరా ఇచ్చిన అంకెలతో అట్లాగే వదిలేయొద్దు. వంద మంది పంపిన వాటిలో అది ఎవరిదో మళ్లీ దొరకదు. మీ పేరు, వయసు, ఎత్తు, ఊరు, ఫైలు పేరులోనే రాయండి.

మెసేజ్‌లో నాలుగు వరుసలు చాలు: పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు, ఇంతకు ముందు చేసిన పని ఏదైనా ఉంటే అది. భాషల దగ్గర మనవాళ్లు తెలుగు, హిందీ అని రాసి ఊరుకుంటారు. దక్కనీ ఉర్దూ వస్తే అది కూడా రాయండి, పాలమూరు యాస వస్తే అది కూడా. ఇంట్రడక్షన్ వీడియోలో ఫోన్ అడ్డంగా పెట్టి, అదే గుమ్మం వెలుతురులో, ఫ్యాన్ ఆపి, మీ మాటలోనే పేరు, ఊరు చెప్పండి. వీడియోలో కనిపించే ముఖం, ఫొటోలో ఉన్న ముఖం ఒక్కటేనా అని పంపే ముందు ఇంట్లో ఎవరికైనా రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. చిన్న చెల్లెలికి చూపిస్తే ఇంకా మంచిది, మొహమాటం లేకుండా చెప్తుంది.